దేవుని బుట్టలో గడి బియ్యం

మా ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టాక అమ్మ మొదట చేసే పని ఒకటుండేది. బియ్యం కొలిచి చాటలో పోసుకొని, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న మట్టి ముంతలో వేసేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ ముంత దేవునిది. ఆదివారం దాన్ని గుడికి తీసుకుపోయి, ప్రభువు బల్ల ముందున్న వెదురు బుట్టలో కుమ్మరించేవాళ్ళం. సంఘంలో అందరి ఇళ్ళలోనూ ఆడవాళ్ళు అట్లాగే తీసేవాళ్ళు. ముంత ఉన్నవాళ్ళు ముంతతో తెచ్చేవాళ్ళు, లేనివాళ్ళు కొంగున ముడేసుకొని వచ్చేవాళ్ళు.

నాయిన సిద్దిపేట క్రైస్తవ సంఘానికి అయ్యగారు, అంటే పాస్టరు. బుట్టలో పడిన గింజలు అయ్యగారి ఇంటికి పోవడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. అంటే, దేవునికని ఇచ్చింది వండుకొని తినేది మేమే. ఆదివారం మధ్యాహ్నం బుట్టను వసారాలో చాప మీద బోర్లించి, జొన్నలు ఒక పక్కకు, బియ్యం ఒక పక్కకు చేసి, రాళ్ళు ఏరడం నా పని. గుడి అయిపోయాక చాలామంది మా వసారాలోనే కూర్చొని మాట్లాడేవాళ్ళు. మనుషుల ముందు నాకు నోరు పెగిలేది కాదు. తల వంచుకొని చేసుకునే పని ఒకటి చేతిలో ఉంటే ఎవరూ నన్ను పలకరించేవాళ్ళు కాదు. అట్లా ఏరుతూ విన్నవే ఇప్పుడు రాస్తున్న వాటిలో చాలావరకు.

అవి రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న సంవత్సరాలు. పండిన ధాన్యం లెవీ కింద సర్కారుకు పోయేది. బజారులో బియ్యం దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. చాప మీద ఎక్కువగా జొన్నలే పడేవి. బియ్యం కనిపించినా ఎర్రటి ముతక బియ్యం, అందులోనూ సగం నూకలు. అందుకే ఆ తెల్ల బియ్యం నా కంట పడింది. సన్నగా, పొడుగ్గా, ఒక్క గింజ విరగకుండా, ఎవరో ఏరి ఏరి తెచ్చినట్టుండేది. జొన్నల మధ్య మల్లెమొగ్గల్లాగా మెరిసేది. ప్రతి ఆదివారం కొంచెం ఉండేది. అమ్మకు చూపించాను. తర్వాతి ఆదివారం అమ్మ బుట్ట దగ్గర నిలబడి చూసింది.

తెచ్చింది నారాయణరావుపేట దారిలోని ఒక చిన్న ఊరి నుంచి వచ్చే ముసలమ్మ. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్ళం. కలరా గత్తర వచ్చిన ఏడు భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురిని నంగునూరు వైపు ఇచ్చింది. ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి, గుడి గంట కొట్టే వేళకు కాళ్ళ నిండా దుమ్ముతో వచ్చేది. ఆమె కొంగుకు రెండు ముడులుండేవి. ఒకదాంట్లో జొన్నలు, ఒకదాంట్లో ఆ బియ్యం. రెండూ వేరువేరుగా విప్పి బుట్టలో పోసి, ఖాళీ కొంగును కళ్ళకద్దుకొని పోయి ఆడవాళ్ళ వరసలో చివర కూర్చునేది.

అమ్మకు అది చూసి చాలా సంతోషం కలిగింది. నెలకొకసారి అమ్మ బండి కట్టించుకొని ఆ ఊరికి పోయి ఆడవాళ్ళను కూర్చోబెట్టుకొని ప్రార్థన నేర్పేది. పిడికెడు బియ్యం సంగతి వాళ్ళకు చెప్పింది కూడా అమ్మే. ఆ నెల పోయినప్పుడు అందరి ముందు అవ్వను పొగిడింది. ఇంట్లో జొన్నగటుక తాగుతూ దేవునికి మాత్రం మంచి బియ్యం తెస్తుంది, మీరూ ఆమెను చూసి నేర్చుకోవాలని చెప్పింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఒకామె నవ్వుకుందట కూడా. ఆ నవ్వు ఎందుకో అమ్మకు అప్పుడు తెలియలేదు.

ఆ పొగడ్త గడికి చేరింది.

గడి అంటే ఆ ఊరి దొర ఉండే ఇల్లు. ఊళ్ళో మా సంఘంవాళ్ళందరూ వంతులవారీగా అక్కడ వెట్టి చేసేవాళ్ళు. మగవాళ్ళు పొలం పనికి, బండ్లు తోలడానికి. ఆడవాళ్ళు వడ్లు దంచడానికి. వారంలో రెండు మూడు పూటలు అవ్వ గడి వెనక పెరట్లో రోకలి వేసేది. దానికి కూలి లేదు. వెట్టికి కూలి ఉండదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఒక మంగళవారం పొద్దున గడి నుంచి ఒక మనిషి మా ఇంటికి వచ్చాడు. తలకు రుమాలు, చేతిలో పొన్నుకర్ర. నాయిన కూర్చోమన్నా కూర్చోలేదు. వసారా మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడే మాట్లాడాడు.

“ఏం అయ్యగారు, మీ దేవునికి జొన్నలు అరుగుతలెవ్వా? మా గడి సన్నబియ్యం తింటుండట గద.”

నాయినకు అర్థం కాలేదు. అతను మెల్లగా, నవ్వుతూనే చెప్పాడు. ముసల్ది దంచిన బియ్యంలోంచి దంచినప్పుడల్లా ఒక పిడికెడు కొంగున కట్టిందని, అడిగితే దేవునికి తీసినానని ఒప్పుకుందని, నిన్న గడి ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టినా అదే మాట అన్నదని. చివరికి పోతూ పోతూ, ఊళ్ళో మా ప్రార్థన గుడిసె ఉన్న జాగ దొరదేనని, ఆ సంగతి అయ్యగారు యాదిలో పెట్టుకుంటే మంచిదని చెప్పి పోయాడు.

ఆ సాయంత్రమే సంఘపెద్దలు మా వసారాలో కూర్చున్నారు. వాళ్ళలో మాట చెల్లేది దవాఖానలో కాంపౌండరుగా ఉన్న ఒక పెద్దమనిషికి. చెడ్డవాడు కాదు. రాత్రనక పగలనక ఎవరికి జ్వరమొచ్చినా మందు సీసా పట్టుకొని పోయేవాడు. అతని తమ్ముడు పిల్లలతో ఆ ఊళ్ళోనే, దొర పొలం మీదే బతుకుతున్నాడు. ఆ ప్రార్థన గుడిసెకు మట్టి తొక్కి గోడలు లేపినవాళ్ళలో ఆ తమ్ముడు కూడా ఉన్నాడు.

అవ్వను పిలిపించారు. వసారా చివర స్తంభానికి ఆనుకొని కూర్చుంది. వీపు ఆనించలేక కొంచెం పక్కకు ఒరిగింది. నేను తలుపు లోపల చాటలో పప్పు ఏరుతున్నాను. అమ్మ నా పక్కనే ఉంది.

నాయిన నెమ్మదిగా అడిగాడు, ఆ బియ్యం ఎందుకు తీశావని. ఆమె ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయినట్టు నాయిన వైపు చూసింది.

“అమ్మగారే చెప్పిన్రు గద అయ్యగారూ. బియ్యం చేతిలకు రాంగనే ముందుగాల దేవుని పిడికెడు తీయాలె, తర్వాతనే ఏదైన అని. మా ఇంట్ల బియ్యం ఏడున్నయి? నా చేతిలకు బియ్యం వచ్చేది గడిలనే.”

ఆ మాట అమ్మదే. అచ్చం అట్లాగే చెప్పింది. రెండు పూటలా బియ్యం వండే ఇంట్లోంచి పోయి, బియ్యం మొహం చూడని ఇళ్ళలో ఆ మాట చెప్పి వచ్చింది. మిగతావాళ్ళు దాన్ని తమకు వీలైనట్టు సర్దుకొని జొన్నలు తీసేవాళ్ళు. అవ్వ జొన్నలూ తీసింది, చెప్పిన మాట చెప్పినట్టు బియ్యమూ తీసింది.

కాంపౌండరు గొంతు సవరించుకున్నాడు. గడివాళ్ళు తినమని ఇచ్చిన నూకలైతే వేరే సంగతి కదా అని అడిగాడు. ఆమెను తప్పించడానికి ఒక దారి చూపించాడని ఇప్పుడనిపిస్తుంది. ఆమె ఆ దారి పట్టలేదు. నూకలు గడి కోళ్ళకు పోతాయని, అయినా దేవునికి ఎవరన్నా నూకలిస్తారా అని అన్నది. మంచివి ఏరి తీసిందట.

“నీకోసం ఎప్పుడన్న తీసుకున్నవా?” అని నాయిన అడిగాడు.

“నాకెందుకు తీస్త అయ్యగారూ? అది దొంగతనం గాదా?”

వాకిట్లో ఎవరి మేకో వచ్చి మొక్కలు కొరుకుతుంటే ఎవరూ తరమలేదు.

ఆ తర్వాత పెద్దల మధ్య మాట నడిచింది. గొంతులు పెరగలేదు. “అయ్యగారూ, దొంగిలొద్దని ఆజ్ఞ ఉన్నది. దొరదైతే ఫరవాలేదని దాని కింద రాసి లేదు,” అన్నాడు కాంపౌండరు. పని చేయించుకొని కూలి ఎగ్గొట్టడం కూడా పాపమని అదే గ్రంథంలో ఉందని, అట్లా ఎగ్గొట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని నాయిన అన్నాడు. “అది దొర చదువుకోవాలె. ఆయన మన సంఘంల లేడు. ఈమె ఉన్నది,” అన్నాడు కాంపౌండరు. తర్వాత గొంతు తగ్గించి గుడిసె సంగతి ఎత్తాడు. అది పడగొడితే ఆ ఊళ్ళో పది ఇళ్ళవాళ్ళు ఎక్కడ మోకరిస్తారని, తన తమ్ముణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొడితే ఆ పిల్లలకు అన్నం ఎవరు పెడతారని అడిగాడు.

చివరికి తేల్చింది ఇది: వచ్చే ఆదివారం అవ్వ సంఘమంతటి ముందు లేచి, దొంగతనం చేశాను, తప్పయింది అని చెప్పాలి. చెబితే ఎప్పటిలాగే ప్రభువు బల్లకు వచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చు. చెప్పేదాకా రాకూడదు.

ఆమె చాలాసేపు కొంగు కొస నలుపుతూ కూర్చుంది.

“తీసిన అని చెప్త. ఎంతమంది ముంగటనైన చెప్త. దొంగతనం అని చెప్ప. నేను గట్ల చెప్తే దేవుడు దొంగసొమ్ము తిన్నట్టయితది గద, అయ్యగారూ. ఆయనకు ఆ పేరు నేనెట్ల తెద్దును?”

ఆ రాత్రి అన్నం దగ్గర నాయిన కలపకుండా కూర్చున్నాడు. అమ్మ గిన్నె దించి, “దేవుడు తిన్నడని అంటున్నది. తిన్నది మనం,” అన్నది.

ఆదివారం అవ్వ లేవలేదు. నెలకొకసారి జరిగే ప్రభు భోజనం ఆ ఆదివారమే. అందరూ వరసగా ముందుకు పోయి మోకరిస్తుంటే ఆమె బయటికి పోయి, చెప్పులు విడిచే చోట అరుగు మీద కూర్చుంది. మాట తేలేదాకా అంతే అని నాయిన చెప్పాడు. మాట తేలడానికి ఎవరు ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత నెల కూడా అదే చోట, ఆ తర్వాత నెల కూడా. పాటలకు లోపల కూర్చునేది, రొట్టె విరిచే వేళకు తనే లేచి పోయేది. ఎవరూ పొమ్మనాల్సిన పని ఉండేది కాదు. కొంగుకు ఇప్పుడు ఒకటే ముడి. అమ్మ ఆమెను పలకరించబోయేది, రెండు మాటలకే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకునేది. “నువ్వేం జేసినవమ్మా, నువ్వు మంచే చెప్పినవు,” అని అవ్వే అమ్మను ఊరడించేది. అది అమ్మకు తిట్టినదానికంటే ఎక్కువ బాధగా ఉండేది.

ఆ రోజుల్లో నేను మధ్యాహ్నాలు వెనక గదిలో కూర్చొని బైబిల్లోని ప్రవక్తల పుస్తకాలు చదివేదాన్ని. ఎందుకంటే ఆదివారం బడిలో మాకు వాటిని ఎక్కువగా చెప్పేవాళ్ళు కాదు, కథలు లేవని. నిజమే, కథలు తక్కువ. దేవుడు కోపంగా మాట్లాడతాడు, అంతే. పశువులు కాసుకునే ఒక మనిషి చేత పలికిస్తాడు, మీ పండుగలు నాకు వద్దు, మీ పాటలు వద్దు, న్యాయం ఎక్కడుందో చూపించండి అని. నీళ్ళు పారినట్టు పారాలట న్యాయం. నేను చదివి, మా చెరువు కాలువ గుర్తు చేసుకునేదాన్ని. అది ఎవరి పొలం దగ్గర తిరుగుతుందో, ఎవరి పొలం దాకా రాకముందే ఎండిపోతుందో అందరికీ తెలుసు. దేవుడు మా కాలువను చూసి ఆ మాట అని ఉండడు.

కోత పండుగ వచ్చింది. గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్నకంకులు, వేరుశెనగలు అందరూ తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆ ఏడు ఒక ఎడ్లబండి వచ్చి గుడి ముందు ఆగింది. దాంట్లో ఒక బస్తా సన్నబియ్యం. గడి నుంచి. పిడికెడు పిడికెడు ఎందుకు, అడిగితే బస్తానే ఇస్తుంటిమి కదా అని దొర చెప్పమన్నాడట. పెద్దలు దాన్ని మోసుకొచ్చి అన్నిటికన్నా ముందు నిలబెట్టారు. గొడవ సద్దుమణిగిందని, గుడిసెకు ఇక భయం లేదని కాంపౌండరు మొహం తేలికపడింది. పాపం, అతను నెలల తర్వాత ఆ రోజే నవ్వాడు. ఆ బస్తాలోని బియ్యం దంచింది ఎవరో అతనికీ తెలుసు. అరుగు మీద కూర్చున్నవాళ్ళకు బస్తా బాగా కనిపిస్తుంది. రొట్టె విరిచే వేళకు అక్కడికి పోయిన అవ్వ దాని వైపు ఒకసారి చూసి, తర్వాత చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది.

నాయిన ఆ రోజు నేను చదివిన భాగమే చదివాడు. చదువుతూ మధ్యలో ఒక చోట ఆగాడు. అందరూ తలలెత్తారు. ఏదో చెబుతాడనుకున్నాను. పేజీ తిప్పి, మిగతాది చదివి, కృతజ్ఞత ప్రార్థన చేశాడు. ఇంటికొచ్చాక అమ్మతో, “దేవుడు న్యాయం అడుగుతుండు. మనం బియ్యం పెడుతున్నం,” అన్నాడు. ఆ మాట గుడిలో అనవలసిందని ఆయనకే తెలుసు.

చలి ముదిరాక అవ్వ రెండు ఆదివారాలు రాలేదు. ఆ ఊరి ఆడమనిషి ఒకామె వచ్చి, దగ్గు పట్టుకుందని, గటుక కూడా మింగడం లేదని చెప్పింది. మర్నాడు పొద్దున్నే నాయిన రొట్టె ముక్కలు, ద్రాక్షరసం సీసా ఉన్న చిన్న పెట్టె తీసి గుడ్డలో చుట్టాడు. పెద్దలెవరికీ చెప్పలేదు. అమ్మ తాను రాలేనన్నది. నన్ను తోడు తీసుకుపోయాడు. దారంతా మంచు. కందిచేల మధ్య నడుస్తుంటే నా లంగా, నాయిన పంచె మోకాళ్ళ దాకా తడిశాయి.

ఆమె గుడిసెలో మంచం లేదు. వరిగడ్డి మీద గోనెపట్టా పరుచుకొని పడుకుంది. నాయినను చూసి లేవబోయింది. నేను పట్టుకొని గోడకు ఆనించాను. వీపు చేతికి కట్టెల మోపులాగా తగిలింది. నాయిన పక్కన కూర్చొని, పెట్టె మీది గుడ్డ విప్పాడు. ఆమెకు అర్థమైంది. కళ్ళు ఒక్కసారి వెలిగాయి.

“అందరు ఒప్పుకున్నరా అయ్యగారూ?”

నాయిన అబద్ధం చెప్పలేదు. లేదమ్మా, నేనే వచ్చిన అన్నాడు. ఇది ప్రభువుది, ఆయన వద్దనడు, తీసుకో అన్నాడు.

ఆమె పెట్టె వైపు చాలాసేపు చూసింది. దాన్ని ముట్టుకోవడానికన్నట్టు చేయి కొంచెం ఎత్తి మళ్ళీ దించింది.

“ఒద్దు, నాయినా. అందరు ఒప్పుకున్నంక తీసుకుంట. ఇట్ల ఎవ్వలకు తెల్వకుంట తీసుకుంటే దొంగతనమైతది.”

నాయిన ఎంత చెప్పినా ఆమె మాట మారలేదు. మొండితనం కాదు, గొంతులో కోపం ఏ మూలా లేదు. ఆమెకు అది అట్లాగే ఉంది, అంతే. చివరికి, ఈ ఆదివారమే పెద్దలతో మాట్లాడతానని నాయిన మాటిచ్చాడు. “పెద్దలే గాదు. అందరు,” అన్నది. తర్వాత తల కిందనుంచి ఒక గుడ్డముడి తీసి నా చేతిలో పెట్టింది. రాలేకపోయిన రోజుల పిడికెళ్ళు. “మా ఇంటివే బిడ్డా. జొన్నలు. గడివి గావు, చూస్కో,” అన్నది. నేను ముడి విప్పి చూసేదాకా ఊరుకోలేదు.

తిరుగుదారిలో నాయిన పెట్టెను చంకలో అదిమి పట్టుకొని నడిచాడు. ఊరి పొలిమేర దాటాక దారి పక్క కంకర కుప్ప మీద కూర్చుండిపోయాడు. నేను నిలబడ్డాను.

ఆదివారం రాకముందే ఆమె పోయింది. పాడె మోసినవాళ్ళలో కాంపౌండరు ఉన్నాడు. భుజం మార్చుకోమని ఎవరో అన్నా మార్చుకోలేదు. మా శ్మశానంలోనే పూడ్చారు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ ఆదివారం రొట్టె విరిచే ముందు నాయిన బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. అవ్వ పోయే ముందు ఒక మాట అడిగిందని, ఆమెను బల్లకు రానివ్వడానికి మీరందరూ ఒప్పుకుంటారా, ఒప్పుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే లేవమని అడిగాడు. అందరం కూర్చొని ఉన్నాం. నేను తల ఎత్తి చుట్టూ చూశాను. ఒక్కరూ లేవలేదు. ఆడవాళ్ళ వరసలోంచి ఒకామె, “మేమెప్పుడన్న ఒద్దన్నమా అయ్యగారూ? మమ్ముల ఎవ్వలడిగిన్రు?” అన్నది.

అది నిజం. మా వసారాలో నలుగురు పెద్దలు కూర్చొని తేల్చారు. నెలల తరబడి ఆమె చెప్పుల దగ్గర కూర్చుంటే, ఇంతమందిలో ఒక్కరినీ ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి పట్టింది ఇంతసేపే. కాంపౌండరు తల ఎత్తలేదు. నాయిన బల్ల అంచు పట్టుకొని, ప్రార్థన మొదలుపెట్టాడు. వరసలో అందరూ పోయి మోకరించారు. నేనూ పోయాను.

మధ్యాహ్నం బుట్ట బోర్లించాను. అవ్వ జొన్నలు దాంట్లోనే కలిసిపోయాయి, ఏవి ఆమెవో చెప్పలేం. రాళ్ళు ఏరి అమ్మకిచ్చాను. సాయంత్రం అమ్మ వాటిని తిరగలిలో విసిరి గటుక వండింది. ఎసరు పెట్టాక, విసరకుండా ఉంచిన పిడికెడు జొన్నలతో ముంత దగ్గరకు పోయి, పిడికిలి తెరవకుండా కొంతసేపు అట్లాగే నిలబడింది. తర్వాత వేసింది.